గుడిమల్లం లింగం: కళాఖండమనే మాట, ఒక నైతిక ప్రశ్న

‘కళాఖండం’ అనే మాటను మనం ప్రశంసగానే వాడుతున్నాం. ఖండమంటే ముక్క అన్న సంగతి ఆ వాడుకలో మరుగున పడింది. శిల్పశాస్త్ర సంప్రదాయంలో ఖండిత ప్రతిమ సాధారణంగా పూజకు అనర్హం. ప్రదర్శనశాలకు మాత్రం అదే సంపద. ఈ వైరుధ్యాన్ని పరిశీలించడానికి తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలోని గుడిమల్లం కంటె తగిన చోటు లేదు.

అక్కడి పరశురామేశ్వరాలయ గర్భగృహంలో సుమారు ఐదడుగుల ఎత్తున్న శిలాలింగం ఉంది. దాని ముఖభాగాన ద్విభుజుడైన శివుడు ఒక మరుగుజ్జు యక్షుని భుజాలపై నిలిచి ఉంటాడు. ఒక చేత తలకిందులుగా పట్టిన పొట్టేలు, మరొక చేత జలపాత్ర, భుజాన పరశువు. యజ్ఞోపవీతం లేదు. కట్టిన వస్త్రం దేహరేఖలను దాచనంత పలుచన. టి.ఏ. గోపీనాథరావు దీనిని భార్హుత్ శిల్పాలతో పోల్చి క్రీస్తుపూర్వ కాలానికి చేర్చారు. క్రీస్తుశకపు తొలి శతాబ్దాలకు దించినవారూ ఉన్నారు. లింగం చుట్టూ ఉన్న రాతి కంచె బౌద్ధస్తూపాల వేదికను స్ఫురింపజేస్తుంది. శైవశిల్పాన్ని అర్థం చేసుకోవడానికి బౌద్ధశిల్పం ఆధారమవుతున్నదన్నమాట. భక్తునికి ఈ కాలనిర్ణయంతో పనిలేదు. దానివల్ల అతనికి నష్టమూ లేదు.

అమరావతి గతి వేరు. అక్కడ ఆరాధన ఏనాడో ఆగిపోయింది. ఫలకాలు కట్టడాలకు రాళ్లుగా తరలిపోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవాటిలో అనేకం 1859లో లండన్‌కు చేరాయి. అవి అక్షరాలా ఖండాలే. వాటిని చూస్తూ ఎదిగిన కళాచరిత్ర, ఆరాధన విడిచిపెట్టినదానినే తన సామగ్రిగా భావించడం అలవాటు చేసుకుంది. గుడిమల్లం ఆ అలవాటుకు లొంగదు.

1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, 16వ సెక్షన్‌లో, రక్షిత ఆరాధనాస్థలాన్ని దాని స్వభావానికి విరుద్ధంగా వాడరాదంటుంది. అంటే చట్టం దృష్టిలోనూ ఆ రాయి కేవలం పురావస్తువు కాదు. అభిషేకం శిలను అరగదీస్తుందన్న పరిశోధకుని ఆందోళన సహేతుకమే. కాని ఆ అరుగుదలను ఆపే హక్కు జ్ఞానంతోపాటే తనకు సంక్రమించిందని అతడు భావిస్తే, అది అధికారవాంఛే అవుతుంది. సలహా చెప్పడం వేరు, శాసించడం వేరు.

అర్చకుని పక్షమూ నిశ్చింతమైనది కాదు. ఆగమాల్లో జీర్ణోద్ధరణ విధి ఉంది. శిథిలమైన ప్రతిమను తొలగించి కొత్తదానిని ప్రతిష్ఠించడానికి అది తావిస్తుంది. భక్తునికి దైవం కొనసాగుతుంది, చరిత్రకారునికి ఆ శిల్పం అంతరిస్తుంది. రేపు ఆ పొట్టేలు కొమ్మునుంచి ఒక పెచ్చు రాలితే, లింగం ఖండితమైందో కాదో తేల్చవలసినవారు ఎవరు?