దాచుకున్న పాట దానం కాదు





ఏప్రిల్ 14 దగ్గర పడుతోందంటే మన పేటల్లో పాటలు పుడతాయి. పత్తి తీతకి వెళ్లిన ఆడబిడ్డ సాళ్ల మధ్య ఒక చరణం కడుతుంది. డిగ్రీ చదివే కుర్రాడు నోటు పుస్తకంలో కవిత రాసుకుంటాడు. ఇంకొకరు బాబాసాహెబ్ బొమ్మ గీసి పెట్టుకుంటారు. తీరా సభ రోజున మైకు ఇస్తామంటే వెనక్కి జరుగుతారు. "ఇంకా సరిగ్గా కుదరలేదండీ" అంటారు. "పెద్దవాళ్లొస్తారు, నవ్వుతారేమో" అంటారు. నోటు పుస్తకం మళ్లీ ట్రంకు పెట్టెలోకి పోతుంది. వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంటారు. ఆ వచ్చే ఏడు ఎప్పటికీ రాదు.

ఇది చిన్న విషయం కాదు. తరతరాలుగా మన నోరు నొక్కి పెట్టారు. మన మాట మాట కాదన్నారు, మన పాట పాట కాదన్నారు. ఇవాళ మైకు మన చేతికొచ్చాక కూడా మన నోరు మనమే మూసుకుంటే, నొక్కినవాళ్ల పని మనం చేసిపెట్టినట్టే కదా!

ఈ వెనకడుగుకి మనం పెట్టుకున్న పేరు వినయం. ధమ్మంలో దీనికి వేరే పేరుంది. పాలీలో 'మాన' అంటారు. నేను ఎక్కువ అనుకోవటం ఒక్కటే మానం కాదు. నేను అతనితో సమానం అని కొలుచుకోవటమూ మానమే. నేను తక్కువ అని కుంగటమూ మానమే. ఈ మూడింటిలోనూ మనిషి చూపు తన మీదే ఉంటుంది. "నన్ను ఏమనుకుంటారు?" అనే ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. "ఈ పాట ఎవరికి పనికొస్తుంది?" అనే ప్రశ్న దాకా పోదు. ధమ్మం మనల్ని ఆ రెండో ప్రశ్న దగ్గరికి తీసుకెళ్తుంది.

తథాగతుడి జీవితమే చూడండి. బోధి పొందాక ఆయన కూడా సంకోచించాడు. అది భయంతో వచ్చిన సంకోచం కాదు. ఇంత లోతైన ధమ్మం ఎవరికి అర్థమవుతుందీ అని. తర్వాత లోకాన్ని తామర కొలనులా చూశాడు. కొన్ని మొగ్గలు నీళ్లలోనే ఉన్నాయి, కొన్ని నీటి మట్టానికి వచ్చాయి, కొన్ని పైకి లేచాయి. వినగలిగినవాళ్లు కొందరైనా ఉన్నారని బయలుదేరాడు. దారిలో మొదట ఎదురైనవాడు ఉపకుడనే ఆజీవక సన్యాసి. తథాగతుడి మాట విని తల ఊపి, అయితే కావచ్చులే అన్నట్టు వేరే దారిన వెళ్లిపోయాడు. మొదటి శ్రోత అలా పోయాడని తథాగతుడు వెనక్కి తిరగలేదు. సారనాథ్ చేరి అయిదుగురికి ధమ్మం చెప్పాడు. మొదట అర్థం చేసుకున్నది కౌండిన్యుడు ఒక్కడే. ధమ్మచక్రం తిరగటానికి ఆ ఒక్కడు చాలు. మన పాటకి మాత్రం మొదటి రోజే సభంతా చప్పట్లు కొట్టాలా?

అలాగని ఎలాబడితే అలా రాసి పారెయ్యమని కాదు. సోణుడనే భిక్షువు పాదాలు నెత్తురోడేలా సాధన చేసి, ఫలితం లేదని విసిగిపోయాడు. ఆయన గృహస్తుగా ఉన్నప్పుడు వీణ వాయించేవాడు. తీగ మరీ బిగిస్తే పలికిందా, మరీ వదులు చేస్తే పలికిందా అని తథాగతుడు అడిగాడు. రెండూ పలకలేదన్నాడు. మన రాతకీ అదే కొలత. నిర్లక్ష్యం వదులు తీగ. ఒక్క తప్పూ ఉండకూడదన్న పట్టుదల బిగించిన తీగ.

మిరప రైతుకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. చెట్టు మీద కాయలన్నీ పండేదాకా ఆగుదామంటే ముందు పండినవి పాడవుతాయి. అందుకే మొదటి కోత, రెండో కోత, మూడో కోత అంటూ కోస్తాం. కల్లంలో ఆరబోసి తాలు ఏరతాం. ఏరటం కోత తర్వాతి పని. కొయ్యకుండా ఏరలేం.

బాబాసాహెబ్ చేసిందీ ఇదే. మనం వందనంతో చేతిలోకి తీసుకునే 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథాన్ని ఆయన ఏళ్ల తరబడి రాశారు. పూర్తయ్యేదాకా దాచిపెట్టలేదు. 1951లోనే 50 ప్రతులు అచ్చువేయించి తెలిసినవాళ్లకి చదవటానికి ఇచ్చారు. ఆ తర్వాత కూడా, ఒంట్లో బాగోకపోయినా, దిద్దుతూనే ఉన్నారు. 1956 డిసెంబర్ 6న ఆయన పరినిర్వాణం చెందాక, 1957లో పుస్తకం వచ్చింది. అభిప్రాయం అడగటం ఆయనకి నామోషీ కాలేదు. అలాగని భయపడి మాట మార్చుకున్నవారూ కాదు. 1936లో లాహోర్ సభవాళ్లు ప్రసంగంలో కొన్ని మాటలు తీసెయ్యమంటే ఒప్పుకోలేదు. సభే రద్దయితే 'కుల నిర్మూలన'ను సొంత డబ్బుతో 1500 ప్రతులు అచ్చువేయించారు. తప్పు దిద్దుకోవటం వేరు, నిజాన్ని తగ్గించుకోవటం వేరు.

మన పల్నాడులోనే, వినుకొండలో 1895లో పుట్టారు గుర్రం జాషువా. ఆయన బౌద్ధుడు కాదు, అయినా మన బాధ తెలిసినవారు. వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులం వాణ్ణి ఎందుకు రానిచ్చారని అవమానించారు. ఆ రోజుతో కలం పక్కన పెట్టేసినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన పెట్టలేదు. 1941లో 'గబ్బిలం' వచ్చింది. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో తిరిగే గబ్బిలానికి తన గోడు చెప్పి పంపటమే ఆ కావ్యం. తలుపులు తెరిచాక మాట్లాడదామని కూర్చుంటే అది పుట్టేదా?

ఇంకా వెనక్కి పోదాం. కృష్ణ ఒడ్డున అమరావతి మహాస్తూపానికి విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన ఒక పలక దానం ఇచ్చాడు. తన పేరుతో పాటు తన వృత్తినీ శాసనంలో రాయించాడు. దాచుకోలేదు. స్తూపమంతా కట్టే బాధ్యత తనదనుకోలేదు. ఒక్క పలక ఇచ్చాడు. అలాంటి దానాలతోనే మహాస్తూపం లేచింది. నీ పాట కూడా ఒక పలకే తల్లీ. స్తూపమంతా నువ్వే కట్టాలని ఎవరడిగారు?

ఆచరణకి మూడు మాటలు. ఒకటి, పాట కట్టగానే ముందు ఇద్దరు ముగ్గురికి వినిపించండి. రెండు, చెప్పేముందు సమ్మా వాచాతో తూచండి. నిజమా? మేలు చేస్తుందా? ద్వేషం లేకుండా ఉందా? ఇవి సరిపోతే చాలు, నవ్వుతారా అన్నది తూకంలో వెయ్యకండి. మూడు, విహారంలో వందన అయ్యాక ఒక పాటకో కవితకో చోటివ్వండి. వినేవాళ్లకీ శీలం ఉంది. వర్షావాసం చివర భిక్షువులు పవారణ చేసుకుంటారు. నాలో తప్పుంటే కరుణతో చెప్పండని ఒకరినొకరు అడుగుతారు. మనమూ అలాగే చెబుదాం. ఎగతాళి చేసి ఒక గొంతు మూయించటం మనకి తగదు.

మన ఊరి పేరు దాచేపల్లి. గింజలు దాచుకోండి, పిల్లల చదువుకి డబ్బు దాచుకోండి. పాట మాత్రం దాచకండి. దానం ఇచ్చాకే అది ధమ్మం అవుతుంది.

భవతు సబ్బ మంగలం. సాధు, సాధు, సాధు.