సర్దుబాటా, దాపరికమా?



ఒక వస్తువును అమ్మేటప్పుడు, కొనేవాడు అడగని లోపాన్ని కూడా మనమే చెప్పాలా? అబద్ధమాడకపోతే చాలదా? ఈ ప్రశ్న నాకు ఒక పాత మారుతి 800 క్లచ్ పెడల్ దగ్గర ఎదురైంది.

2008లో ఆ కారు అమ్మకానికి పెట్టాను. అప్పటికి పెడల్‌ను దాదాపు పూర్తిగా వదిలితేగాని బండి కదిలేది కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరిచేదే గాని వేగం పెరిగేది కాదు. మెకానిక్ చూసి, "ప్లేటు అరిగింది మాస్టారూ. మార్చాలంటే గేరుబాక్సు దించాలి. ఎలాగూ అమ్మేస్తున్నారు గదా, కేబులు నట్టు తిప్పి ఇస్తాను. పెడల్ కిందనే పట్టుకుంటుంది, కొనేవాడికి తెలియదు" అన్నాడు. సరేనన్నాను.

ఆ నట్టు చేసే పని కొంచెం చెప్పాలి. ఆ కారులో పెడల్‌ను క్లచ్‌తో కలిపేది ఒక ఉక్కు కేబులు. ప్లేటు మీది పొర అరిగేకొద్దీ కేబులులో ఉండవలసిన వదులు తగ్గి, క్లచ్ పట్టే చోటు పైకి జరుగుతుంది. వదులు బొత్తిగా లేకపోతే, కాలు పెట్టకపోయినా పెడల్ కొంచెం తొక్కినట్టే ఉండి, క్లచ్ జారి, మరింత త్వరగా అరుగుతుంది. అందుచేత అప్పుడప్పుడు నట్టు తిప్పి వదులు సరిచేయడం మంచి యజమాని చేయవలసిన పనే. కాని పొర అయిపోవచ్చిన తరువాత నట్టు ఎంత తిప్పినా పొర తిరిగి రాదు. అరిగిపోయానని పెడల్ చెప్పే కబురు మాత్రం ఆగిపోతుంది.

కొనడానికి వచ్చిన యువకుడు చదునైన మా వీధిలో ఒక చుట్టు తిప్పి వచ్చి, "క్లచ్ బాగుంది సార్" అన్నాడు. నేను మాట్లాడలేదు. అబద్ధం నా బదులు నట్టు ఆడింది.

ఆ రాత్రి నా మనసు బాగాలేదని చూసి, ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి, "పాత బండి కొనేవాడు తన మెకానిక్‌ను తెచ్చుకోవాలి గదా నాన్నా! మీరేమీ అబద్ధం చెప్పలేదు" అన్నాడు. వాని మాటలో న్యాయం లేకపోలేదు. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం, కొన్ని మినహాయింపులతో, నాణ్యత చూసుకొనే భారాన్ని కొనేవాని మీదనే ఉంచింది. అయితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను ప్రకారం, ఊరక మౌనంగా ఉండడం సాధారణంగా మోసం కాకపోయినా, తెలిసిన సంగతిని పనిగట్టుకొని దాచడం మోసమే.

క్రీ.పూ. 44లో రోమను పండితుడు సిసెరో, కర్తవ్యాలను గూర్చిన తన గ్రంథంలో ఇటువంటి చర్చే చేశాడు. కరువులో ఉన్న రోడ్సు ద్వీపానికి ధాన్యం తెచ్చిన వర్తకుడు, వెనుక మరిన్ని ఓడలు వస్తున్నాయని తెలిసీ చెప్పకుండా హెచ్చు ధరకు అమ్మవచ్చునా? చట్టం కోరినంత చెబితే చాలునని డయోజెనీసు, అంతా చెప్పాలని ఆంటిపేటరు వాదించారట. చెప్పని ప్రతిదీ దాచినట్టు కాదనీ, ఎదుటివానికి అవసరమైన సంగతిని మన లాభం కోసం తెలియనివ్వకపోవడమే దాపరికమనీ సిసెరో తేల్చాడు.

ఆ కొలతతో చూస్తే నాకు తప్పించుకొనే దారి లేదు. మరునాడు ఆ యువకుణ్ణి పిలిపించాను. చేతి బ్రేకు గట్టిగా వేసి, మూడవ గేరులో క్లచ్ మెల్లగా వదలమన్నాను. క్లచ్ బాగుంటే ఇంజను ఆగిపోవాలి. ఆగలేదు. జరిగినదంతా చెప్పాను. అతడు బండి కొనలేదు. నెల తరువాత, సంగతి ముందే చెప్పి, తక్కువ ధరకు మరొకరికి అమ్మాను. నష్టం నష్టమే.

నట్టు తిప్పడం తప్పు కాదు. ఎందుకు తిప్పామో కొనేవానితో చెప్పగలిగితే అది సర్దుబాటు, చెప్పలేకపోతే దాపరికం. అద్దెకిచ్చే ఇంట్లో చెమ్మ గోడకు సున్నం వేసేటప్పుడైనా ఇదే కొలత. మా అబ్బాయి మాత్రం ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోడు. మీరేమంటారు?