తాళి లేని కాపురం - ధమ్మం ఏం చెబుతుంది?



పొందూరు సన్న ఖద్దరు ఎలా తయారవుతుందో మీకు తెలుసు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకి, వడికి, నేస్తారు. వడికే చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవే. అలా నూలు వడికే ఒకామె, తాళి లేకుండానే ఒకాయనతో ఇరవై ఏళ్ళు కాపురం చేసిందనుకోండి. ఊరంతా వాళ్ళను మొగుడూ పెళ్ళాలనే అనుకుంది. ఆయన పోయాక అన్నదమ్ములొచ్చి "నువ్వు మా వాడికి ఏమవుతావు?" అని అడిగితే ఆమె ఏం చెప్పాలి?

చట్టం ఆమెను పూర్తిగా వదిలెయ్యలేదు. సుమారు 50 ఏళ్ళు భార్యాభర్తలుగా బతికిన జంట విషయంలో, వాళ్ళకు పెళ్ళయినట్టే భావించాలనీ, కాదనేవాళ్ళే రుజువు చెయ్యాలనీ 1978లో బద్రీప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2005 గృహహింస చట్టం "వివాహం లాంటి సంబంధం"లో ఉన్న స్త్రీకి కూడా రక్షణ ఇచ్చింది. అయితే నలుగురిలో ఆలుమగలుగా మెలగాలి, ఇద్దరూ పెళ్ళికి అర్హులై ఉండాలి, ఇష్టపడి చాలాకాలం కలిసి ఉండాలి అని 2010లో వేలుసామి కేసులో కోర్టు షరతులు పెట్టింది. అంటే హక్కు ఉన్నా, సాక్ష్యం మోసుకుని ఆమే కోర్టు మెట్లెక్కాలి.

ఇక ధమ్మం చూడండి. సిగాలుడికి చేసిన బోధలో బుద్ధుడు భర్తకు అయిదు విధులు చెప్పాడు: గౌరవించడం, చులకన చెయ్యకపోవడం, నమ్మకంగా ఉండటం, ఇంటి పెత్తనం ఇవ్వడం, నగలు సమకూర్చడం. అందులో మంత్రం లేదు, ముహూర్తం లేదు. మెలిగే తీరే ఉంది.

"అయితే ఎవరితో ఎవరైనా ఉండొచ్చా?" అని మీరు అడగొచ్చు. కాదు. పంచశీలలో మూడోది అందుకే ఉంది. ఇంట్లో ఆలిని పెట్టుకుని బయట మరొకామెతో ఉండే మగవాడికి ధమ్మం తోడు రాదు. ఒకామె కన్నీళ్ళు తుడవడానికి ఇంకొకామెను ఏడిపించడం కరుణ కాదు. మరి మొదటి పెళ్ళి దాచి మోసం చేస్తే? అలా మోసపోయిన ఆమెకు మనోవర్తి ఇవ్వాల్సిందేనని 2013లో బాద్‌షా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చేసిన కర్మ ఫలం చేసినవాడే మొయ్యాలి కదా!

అందుచేత కలిసి బతికే కాపురాన్ని చట్టం గుర్తించడం న్యాయమే. కానీ అంతవరకూ ఆగకండి. వివాహ నమోదును తప్పనిసరి చేస్తూ మన రాష్ట్రంలో 2002లోనే చట్టం వచ్చింది. పెళ్ళికి అడ్డు లేనివాళ్ళు పెళ్ళాడి నమోదు చేయించుకోండి. రేషన్ కార్డులో, బ్యాంకు నామినీలో ఆమె పేరు రాయించండి. నిజంగా గౌరవించేవాడు, తను పోయాక ఆమెను సాక్షుల కోసం ఊరంతా తిరగనివ్వడు.