దాదాపు

బాబ్ మార్లీ జీవితం మీద వచ్చిన సినిమా చూశాక నన్ను వదలకుండా పట్టుకున్నది పాట కాదు, ఒక చిన్న మాట. ఆ మాట సినిమాలో లేదు. అతని భార్య రీటా మార్లీ 2004లో వెలువరించిన ఆత్మకథలో ఉంది. బాబ్‌కు మరో స్త్రీతో బిడ్డ పుట్టిన తర్వాతి రోజుల్లో ఒక రాత్రి తాను వద్దన్నా అతను వినలేదనీ, నువ్వు నా భార్యవు కదా అన్నాడనీ ఆమె అందులో చెప్పుకుంది. జరిగిన పనికి ఉన్న పేరు రాసే చోట మాత్రం, ఆ పేరుకు ముందు 'దాదాపు' అని చేర్చింది.

సినిమా పేరు 'బాబ్ మార్లీ: వన్ లవ్'. 2024 ఫిబ్రవరిలో విడుదలైంది. దర్శకుడు రెయినాల్డో మార్కస్ గ్రీన్. బాబ్‌గా కింగ్స్‌లీ బెన్-అదిర్, రీటాగా లషానా లించ్ నటించారు. మా సికింద్రాబాదులో ఒకప్పుడు ఇంగ్లీషు సినిమా అంటే సంగీత్‌కో, ప్లాజాకో, టివోలీకో వెళ్లేవాళ్లం. దీన్ని మాత్రం ఇంట్లో లాప్‌టాప్ మీద చూశాను. అదీ ఒకందుకు మంచిదే అయింది. రీటా తెరమీదకు వచ్చిన ప్రతిసారీ ఆపి, పక్కన పెట్టుకున్న ఆమె పుస్తకం తిరగేసే వీలు కలిగింది.

సినిమాగా దీని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బెన్-అదిర్ కష్టపడ్డాడు, పాటలు ఎటూ మనల్ని లాక్కుపోతాయి, మిగతాదంతా ఇలాంటి జీవితకథా చిత్రాల పద్ధతే. పేదరికం, ప్రతిభ, కీర్తి, ద్రోహం, జబ్బు, పునరాగమనం. 1976 డిసెంబరు 3న కింగ్‌స్టన్‌లో హోప్ రోడ్డు మీది ఇంట్లోకి దూరి దుండగులు కాల్పులు జరపడం, రెండు రోజుల తర్వాత బాబ్ గాయాలతోనే వేలాదిమంది ముందు పాడడం, లండన్ ప్రవాసం, 1977లో 'ఎక్సొడస్' ఆల్బం, కాలి బొటనవేలిలో కేన్సర్ బయటపడడం, 1978లో జమైకాకు తిరిగి రావడం, ఇదీ కథ. 1981 మే 11న ముప్ఫై ఆరేళ్లకే అతను చనిపోయాడు.

ఆ కాల్పుల్లో రీటా తలకు తూటా తగిలింది. ఆమె కూడా రెండు రోజుల తర్వాత తలకు కట్టుతోనే వేదిక ఎక్కి పాడింది. ఈ సంగతి చదివినప్పుడల్లా నేను కాసేపు ఆగిపోతాను. తూటా తగిలీ పాడిన గాయకుడి గురించి లోకమంతా చెప్పుకుంటుంది. తూటా తగిలీ అతని వెనక నిలబడి వంతపాట పాడిన మనిషి గురించి 'భార్యకు కూడా గాయమైంది' అని ఒక వాక్యంతో సరిపెడుతుంది. రీటా అతని పక్కన ఊరికే నిలబడ్డ మనిషి కాదు. అతన్ని పెళ్లాడక ముందే సొంత బృందంలో పాడుతున్న గాయని. 1974లో మార్షా గ్రిఫిత్స్, జూడీ మోవాట్‌లతో కలిసి 'ఐ-త్రీస్' అయింది. ముగ్గురూ ఎవరికి వారు గాయనులే. లోకంలో మాత్రం వాళ్లకు మార్లీ వెనక వరసలోనే చోటు దొరికింది. సినిమా కూడా వాళ్లను అక్కడి నుంచి కదపలేదు.

సికింద్రాబాదులో ఉండేవాళ్లకు ఈ కథ వింటే ఇంకొకటి గుర్తు రాకుండా ఉండదు. 1997 ఏప్రిల్ 6న ఇక్కడే అల్వాల్ వెంకటాపురంలో ఇంటి దగ్గర గద్దర్ మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. 2023 ఆగస్టు 6న ఆయన పోయారు. మర్నాడు ఎల్బీ స్టేడియం నుంచి అల్వాల్ దాకా కదిలిన జనాన్ని నేను మరిచిపోలేను. ఆయన నెలకొల్పిన మహాబోధి విద్యాలయ ఆవరణలోనే ఆయన్ని మట్టిలో కలిపారు. ఇద్దరు గాయకుల్నీ పోల్చి మార్కులు వేయడం నా ఉద్దేశం కాదు. రాజకీయాలు వేరు, జీవితాలు వేరు, ఇళ్లు వేరు. నాకు తట్టిన ప్రశ్న ఒక్కటే. 1985లో ఆయన అజ్ఞాతంలోకి వెళ్లి 1990లో మళ్లీ జనం ముందుకు వచ్చేదాకా మధ్యలో ఉన్న ఐదేళ్లను ఒక సినిమా ఎలా చూపిస్తుంది? అడవీ, పాటా, దండూ చూపిస్తుంది. ఇక్కడ ఇంట్లో ఆయన సహచరి విమలగారు పిల్లలతో గడిపిన ఐదేళ్లను చూపిస్తుందా? బియ్యం, బడి ఫీజు, జ్వరాలు, గడప తొక్కే పోలీసులు. వీటికి నేపథ్య సంగీతం కట్టడం కష్టం. ఆయన పోయినప్పుడు పత్రికల్లో వచ్చిన నివాళుల్లో సహచరికి దక్కింది ఎక్కువగా 'అండగా నిలిచారు' అన్న ముక్క. ఆ ముక్క వెనకే ఒక పూర్తి సినిమా ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు. 'వన్ లవ్' నిర్మాతల్లో కొడుకు జిగ్గీ, కూతురు సెడెల్లాలతో పాటు రీటా పేరు కూడా ఉంది. 2004లో తన పుస్తకంలో ఆ రాత్రి గురించి చెప్పిన మనిషే 2024లో ఆ రాత్రి లేని సినిమాకు నిర్మాత.

స్త్రీవాదులుగా మనం ఇన్నేళ్లుగా చెబుతున్నదేమిటి? స్త్రీ అనుభవానికి ఆమె మాటే ప్రమాణమని. మధ్యవర్తులు వద్దు, ఆమె చెప్పింది వినమని. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చినప్పుడు తెలంగాణా పోరాటంలో పాల్గొన్న స్త్రీల గొంతులు మనల్ని అంతగా కదిలించింది అందుకే. వాళ్ల తరఫున ఎవరో మాట్లాడటం కాదు, వాళ్లే మాట్లాడారు. మరి ఒకే స్త్రీ ఇరవై ఏళ్ల తేడాతో రెండు మాటలు చెబితే? ఒకటి చెప్పి, రెండోసారి దాన్ని చెప్పకుండా వదిలేస్తే? ఆ రెండింటిలో ఏది ఆమె మాట? నాకు నచ్చినదాన్నే ఆమె అసలు గొంతు అనీ, నచ్చనిదాన్ని కుటుంబ ఒత్తిడి అనీ అంటే నేనూ ఒక మధ్యవర్తినే కదా!

ఒత్తిడి ఉండదని కాదు. 2016లో రీటాకు పక్షవాతం వచ్చింది. ఆ తర్వాత నిర్మాతగా పేరుండడానికీ, కథలో ఏ సన్నివేశం ఉండాలో తేల్చడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో బయటివాళ్లకు తెలిసే దారి లేదు. బాబ్ వీలునామా రాయకుండా పోయాడు. అతని పాటలు ఎవరివన్న తగవు కోర్టుల్లో ఏళ్లపాటు నడిచింది. పాటలు ఆస్తి అయిన చోట జీవితకథ కూడా ఆస్తే అవుతుంది. ఆస్తిని ఎవరూ తమ చేతులతో తక్కువ చేసుకోరు. కానీ ఇదంతా చెప్పి రీటాను ఒక బొమ్మగా తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. బాబ్ ఇతర స్త్రీలతో కన్న పిల్లల్లో కొందరిని తన ఇంట్లో పెంచిన మనిషి ఆమె. ఆ పని ఎవరి ఒత్తిడితో చేసింది, ఎంత ఇష్టంతో చేసింది అని విడదీసి చూపించమంటే ఆమె కూడా చూపించలేదేమో.

అందుకే నేను మళ్లీ ఆ 'దాదాపు' దగ్గరికే వస్తాను. మన భాషలోనూ ఇలాంటి మాటలకు కొదవ లేదు. మొగుడు కొట్టాడని ఎవరంటారు? 'చెయ్యి చేసుకున్నాడు' అంటారు. ఎంత సున్నితమైన మాట అది! అందులో దెబ్బ వినిపించదు, చెంప కనిపించదు. 'మంచోడే గానీ కోపం వస్తే మనిషి కాడు' అంటారు. ఈ మాటలు నేను మా వీధిలోనూ విన్నాను, కాలేజీ స్టాఫ్‌రూమ్‌లోనూ విన్నాను, పీహెచ్‌డీలు చేసినవాళ్ల నోటా విన్నాను. అవి అబద్ధాలని నేననుకోను. మర్నాడు పొద్దున్నే అదే మనిషికి కాఫీ కలిపి ఇవ్వాల్సిన వాళ్లు, ఆ కాఫీ ఇవ్వడానికి వీలుగా వాడుకునే మాటలవి. నిన్న జరిగినదానికి పూర్తి పేరు పెడితే ఇవాళ్టి పొద్దు గడవదు. 'దాదాపు' కూడా అలాంటిదే. జరిగిందని చెబుతూనే, ఆ ఇంట్లో ఇంకా బతకడానికి కాస్త చోటు మిగుల్చుకునే మాట.

ఇంట్లో మనం వాడుకునే ఈ 'దాదాపు'ను చట్టం ఎప్పుడో తన భాషలో రాసి పెట్టుకుంది. భారత శిక్షాస్మృతి 375వ సెక్షను భార్య విషయంలో భర్తకు మినహాయింపు ఇచ్చింది. 2022 మే 11న ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు దీని మీద చెరో మాటా చెప్పారు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత చట్టంలోని ఎన్నో అంకెలు మారాయి, ఆ మినహాయింపు మాత్రం 63వ సెక్షనులో చెక్కుచెదరకుండా కూర్చుంది. అదే ఏడాది అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టులో దాన్ని సమర్థించింది. జమైకాలో కూడా 2009 చట్టం భార్యాభర్తలు విడిగా ఉంటున్నప్పుడు వంటి కొన్ని పరిస్థితుల్లో మాత్రమే దాన్ని నేరంగా ఒప్పుకుంది. రీటా వాడిన 'దాదాపు' ఆమెకు బతకడానికి చోటిచ్చింది. చట్టంలోని 'దాదాపు' భర్తకు చోటిస్తుంది. పైకి ఒకలాగే కనిపించే ఈ రెండు మాటల మధ్య తేడా చూడకపోతే మనం ఆమెకూ అన్యాయం చేస్తాం, చట్టాన్నీ వదిలేస్తాం.

సినిమా చేసిన పని ఈ రెండింటికీ భిన్నమైనది. ఆ రాత్రిని చూపించలేదన్నది నా ఫిర్యాదు కాదు. నిజం చెప్పాలంటే చూపించకపోవడమే మేలు. కెమెరాకు అలాంటి రాత్రుల మీద ఉండే ఆసక్తి మనకు తెలియనిది కాదు. ప్యారిస్ వీధిలో రీటా భర్తను నిలదీసే సన్నివేశం ఒకటుంది. లషానా లించ్ అందులో చాలా బాగా చేసింది. ఇతర స్త్రీల సంగతి, పిల్లల బరువు అన్నీ అందులో వస్తాయి. అంటే సినిమా పూర్తిగా దాచలేదు. కానీ ఆ గొడవ ఏ పని చేస్తోందో గమనించండి. దాని తర్వాత అతను మెరుగుపడతాడు. దారి తప్పినవాడు తన పాట దగ్గరికి తిరిగొస్తాడు. తనను కాల్చినవాణ్ని క్షమించగలిగేంత ఎత్తుకు ఎదుగుతాడు. ఆమె కోపం అతని ఎదుగుదలలో ఒక మెట్టు అయింది. ఆమె క్షమ అతని గొప్పతనం ఖాతాలో జమ అయింది. ఇన్ని చేసినా ఆమె అంతగా ప్రేమించిందంటే అతను ఎంతటి మనిషై ఉండాలి అని ప్రేక్షకులు ఇంటికి వెళ్తూ అనుకుంటారు. ఆమె ఎంతటి మనిషై ఉండాలి అనుకునే వీలు సినిమా ఇవ్వదు.

క్షమించాలా వద్దా అనేది రీటా ఇష్టం, ఆ హక్కు ఆమెది. దాని ఫలితం ఎవరి పేరున రాస్తున్నారన్నది మాత్రం మనం అడగగలిగిన ప్రశ్న.

మన దగ్గర ఈ లెక్కను తన చేతుల్లోనే ఉంచుకున్న ఒకావిడ ఉండేవారు. కొండపల్లి కోటేశ్వరమ్మగారు. ఆవిడ కూడా గాయనే, ఉద్యమ వేదికల మీద పాడిన మనిషి. పీపుల్స్‌వార్ స్థాపకుడైన కొండపల్లి సీతారామయ్య ఆవిడను వదిలి వెళ్లారు. ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకున్నారు. తొంభై దాటిన వయసులో, 2012లో 'నిర్జన వారధి' వచ్చింది. అందులో తిట్లు లేవు, పొగడ్తలూ లేవు. చివరి దశలో ఆయన తనను చూడాలని కోరితే మొదట వద్దనుకున్నారు, తర్వాత వెళ్లారు. ఆ వెళ్లడం ఆయన గొప్పతనానికి సాక్ష్యంగా ఎవరైనా వాడుకోగలరా? ఆవిడ వాక్యం దానికి చోటివ్వదు. అది ఆవిడ నిర్ణయంగానే మిగిలిపోతుంది. పుస్తకానికీ సినిమాకూ తేడా ఇక్కడే ఉందేమో. రీటా పుస్తకం కూడా ఈ వరసలోదే. దాని రచనలో ఆమెకు తోడ్పడిన హెటీ జోన్స్ కూడా ఒకప్పుడు ఒక ప్రసిద్ధ కవికి భార్య. ఆ జీవితం గురించి తానూ 1990లో ఒక పుస్తకం రాసుకుంది. ఇద్దరు మాజీ 'భార్యలు' ఎదురెదురుగా కూచుని ఏ మాట ఉంచాలి, ఏ మాటకు ముందు 'దాదాపు' చేర్చాలి అని మాట్లాడుకుని ఉంటారా అని ఊహిస్తుంటే నాకు ఆ సంభాషణ మీదే సినిమా చూడాలనిపిస్తుంది.

రీటా తన పుస్తకానికి భర్త ప్రసిద్ధ పాట పేరే పెట్టుకుంది, 'నో వుమన్, నో క్రై'. మన దగ్గర చాలామంది మగపిల్లలు దీన్ని 'ఆడది లేకపోతే ఏడుపూ లేదు' అని అర్థం చేసుకుని నవ్వుకుంటారు. జమైకా వాడుకలో దాని అర్థం 'ఏడవకమ్మా' అని. అతను పాటగా పాడితే అది ఓదార్పు. ఆమె తన జీవితకథ అట్ట మీద రాసుకుంటే ఏమవుతుంది? నాకు అందులో కాస్త వెటకారం కూడా వినిపిస్తుంది. వినిపించకూడదని ఎవరైనా అంటే వాదించను.

మా ఇంట్లో నెలకోసారి కలుసుకునే నలుగురైదుగురు స్నేహితుల మధ్య ఇదంతా చెప్పాను. ఉస్మానియాలో పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి చాలాసేపు ఊరుకుని, "మరి మనం రాసేటప్పుడు ఏం రాయాలె మేడమ్? ఆమె దాదాపు అన్నదని మనం గూడ దాదాపు అనాల్నా?" అని అడిగింది. ఆమె వాక్యంలో ఆ మాటను నేను కొట్టేయను, నా వాక్యంలో దాన్ని చేర్చను అన్నాను. ఒప్పుకోని భర్త చేసినదాన్ని నేను దాని పేరుతోనే పిలుస్తాను, దాంతో బతికిన భార్య దాన్ని ఏమని పిలిచిందో కూడా అలాగే ఉంచుతాను.

ఆ అమ్మాయికి ఇది సరిపోలేదు. "రెండు పేర్లుంటే చదివేటోళ్లు తమకు అనువైంది తీసుకుంటరు గద. మగోళ్లకు ఏది అనువైతదో మీకు తెల్వదా?" అంది. నాకు తెలుసు. చట్టం ఏది తీసుకుందో పైన రాశాను కూడా. అయినా రీటా మాటను దిద్దడానికి నా చెయ్యి రావడం లేదు. ఆ అమ్మాయి పుస్తకం అడిగి పట్టుకెళ్లింది, అంచుల్లో నేను పెన్సిలుతో పెట్టిన గీతలతో సహా.