నిప్పు దొంగతనము

ప్రాచీన గ్రీకుభాషలో నిప్పునకు 'ప్యూర్' అని పేరు. సంస్కృతమునందలి 'అగ్ని'యు లాటినునందలి 'ఇగ్నిస్సు'ను ఒకతల్లి బిడ్డలు. 'ప్యూర్' వేఱొక మూలమునుండి పుట్టినది. చితికిఁ బేరైన 'ప్యురా' దీనినుండియే కలిగెను. పొయ్యినిప్పును వల్లకాటినిప్పును ఒక్క ధాతువునందే యిమిడియున్నవి.

హెసియోదుకవి చెప్పిన గాథలో జ్యూసుదేవుఁడు మనుష్యులకు దక్కకుండ నిప్పును దాఁచెను. ప్రొమీథ్యూసు దానిని బోలుకాడలో నుంచి దొంగిలించి వారి కిచ్చెను. జ్యూసు కోపించి వానిని స్తంభమునకుఁ గట్టి, గ్రద్దచేఁ గాలేయమును దినిపించెను.

ఇది చౌర్యమగునా? చౌర్యమనఁగా నొకని సొత్తు వానికి లేకుండఁ జేయుట. నిప్పు పంచినఁ దఱుగదు. క్రొత్త పట్టణమును స్థాపింపఁబోవు గ్రీకులు తల్లిపట్టణపు 'ప్రితనేయ' మందిరమునుండి నిప్పును గొనిపోవుచుండిరి. అందువలనఁ దల్లిపొయ్యి చల్లాఱలేదు. జ్యూసునకుఁ బోయినది నిప్పు గాదు, పెత్తనము. విద్యను దాఁచువారి కోపమును ఇట్టిదే.

ఇచ్చిన నిప్పు కొంపలను గాల్చదా యని జ్యూసుపక్షపు వకీలు అడుగును. న్యాయమైన ప్రశ్నయే. ఎఫెససువాసి యగు హెరాక్లైటసు మతమున దీనికి సమాధానము గలదు: లోకము ఎడతెగని యగ్నియే గాని, దాని రగులుటకును ఆఱుటకును మితము కలదు. కావున నిప్పును దాఁచుట ధర్మము గాదు. మితమును నేర్పక యిచ్చుటయు ధర్మము గాదు. చదువరులారా! మీ యొద్దనున్న నిప్పు ఎవరికి దక్కకున్నదో విచారింపుఁడు.