రేపొచ్చే పలక

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత పుట్టేనాటికి కంప్యూటర్లు లేవు. ఉంటే ఆ సోమలింగానికి పేరుతో పాటు ధర కూడా ముందే కట్టేసి ఉండేవారు.

నేను చెప్పేది మదర్‌బోర్డుల సంగతి. మదర్‌బోర్డంటే తల్లి పలక అనుకోండి. ప్రాసెసరూ, మెమరీ, తక్కిన సరంజామా అంతా దాని ఒళ్ళోనే కూచోవాలి. పదివేల లోపు దొరికే సామాన్య తల్లులున్నారు, లక్ష దాటే జమీందారిణులూ ఉన్నారు. ఈ రెండో రకం బజారుకి రాకముందే ఖరీదెంత, వేగమెంత, వైఫై ఏ రకం అని లెక్కలు కడుతూ నెలలు గడిపేవాళ్ళని నేనెరుగుదును. అడిగితే, 'తొందరపడి కొనడం అవివేకం కాదూ?' అంటారు. మాట నిజమే. కానీ ఈ ఆగడం నిగ్రహమా, లేక ఆశే నిగ్రహం వేషం కట్టిందా?

2022 సెప్టెంబరులో ఏఎండీ కంపెనీవారు ఏఎమ్5 అనే కొత్త సాకెట్టుతో బోర్డులు తెచ్చారు. పాత డీడీఆర్4 మెమరీ వాటికి పట్టదు, డీడీఆర్5 కొనాల్సిందే. ఖర్చు చూసి కొందరు ఆగారు. 2023లో ఆ మెమరీ ధరలు దిగాయి. ఆగినవాడు బుద్ధిమంతుడే! 'ఇంకా దిగుతుందిలే' అని మరీ ఆగినవాడికి 2025 చివర్లో అదే మెమరీ కొండెక్కి కూచుంది. కృత్రిమ మేధ యంత్రశాలలు చిప్పులన్నీ ఎగరేసుకుపోతుంటే మరేమవుతుంది? కాబట్టి లాభనష్టాల లెక్క మనకి జవాబు చెప్పదు.

అమ్మేవాడికైనా ఈ 'రేపు' అచ్చిరాదు. ఆడం ఆస్‌బోర్న్ అని ఒకాయన. ఆయన తండ్రి ఆర్థర్ ఆస్‌బోర్న్ రమణ మహర్షి భక్తుడు, మహర్షి మీద పుస్తకాలు రాసినవాడు. ఆ అరుణాచలంలోనే ఆడం చిన్నతనం కొంత గడిచింది. పెద్దయ్యాక అమెరికాలో 1981లో చేత్తో మోసుకుపోయే కంప్యూటరు 1795 డాలర్లకి అమ్మి పేరు తెచ్చుకున్నాడు. 1983లో, ఇంతకన్నా మంచిది రాబోతోందని ముందుగానే చాటాడు. అయితే అదే కొందాంలే అని జనం ఆగిపోయారట. ఆ సెప్టెంబరుకే కంపెనీ దివాలా తీసింది. వేరే కారణాలూ ఉన్నాయనుకోండి. అయినా ఇలాంటి ముంపుకి 'ఆస్‌బోర్న్ ప్రభావం' అని ఆయన పేరే స్థిరపడిపోయింది.

అది వ్యాపారం, పోనీండి. మా మేనల్లుడున్నాడు. వాళ్ళ మామ్మ చేత పాత కథలన్నీ చెప్పించి కెమెరాలో పట్టాడు. వాటిని కూర్చి ఓ బొమ్మగా చెయ్యాలి. ఉన్న యంత్రం నత్తనడకే గాని పని చేస్తుంది. 'ఏవిరా, నా బొమ్మ ఎప్పుడు చూపిస్తావూ?' అని ఆవిడ పండగ పండక్కీ అడుగుతుంది. 'కొత్త బోర్డు రానీ మామ్మా' అంటాడు వీడు. బోర్డుల చూపు ఏటేటా పదునెక్కుతోంది. మామ్మ చూపు ఏటేటా మందగిస్తోంది.

నాకు జవాబు ఇక్కడ దొరికిందనిపిస్తుంది. మనం దేనికోసం ఆగామన్నది కాదు, మనవల్ల ఏది ఆగిపోయిందన్నది అడగాలి. ఏదీ ఆగకపోతే నిక్షేపంగా ఎదురుచూడండి. ఊహల్లో బోర్డుకి ధర కట్టడం కూడా ఒక సరదాయే, పైసా ఖర్చు లేదు. కాని మన ఎదురుచూపుకి మూల్యం పక్కవాళ్ళు, అందులోనూ వ్యవధి లేనివాళ్ళు, చెల్లిస్తున్నప్పుడు దాన్ని నిగ్రహం అనడానికి నాకు నోరు రాదు.

మన కిరాణా కొట్లలో 'అరువు రేపు' అని ఒక బోర్డు వేలాడేది, గుర్తుందా? ఎన్ని కొత్త బోర్డులొచ్చినా దాన్ని మించింది ఇంతవరకూ రాలేదు.