ముందే తీయాల్సిన ముద్ద

పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. కాకికీ కుక్కకీ చీమకీ అన్నం పెట్టాలి, అదీ మనం తినకముందే. మా నాయనమ్మ తొలి ముద్ద గోడ మీద పెట్టాకే మాకు వడ్డించేది. తినగా మిగిలింది పెడితే అది ఎంగిలే గాని బలి కాదనేది. ధర్మమంతా ఆ వరసలోనే ఉందని నా నమ్మకం. దక్షిణాఫ్రికా పెంగ్విన్ల గతి చూశాక అది మరీ గట్టిపడింది.

కేప్‌టౌన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, బౌల్డర్స్ ఒడ్డున ఈకలు మారుస్తున్న పెంగ్విన్‌ను చూశాను. పాత ఈకలు వీపు మీద పీచులా లేచి ఉన్నాయి. కొత్తవి వచ్చేదాకా, సుమారు మూడు వారాలు, అది నీళ్లలోకి దిగలేదు. అన్నాళ్లూ ఉపవాసమే. ముందే కడుపారా తిని కొవ్వు కూడబెట్టుకోకపోతే ఒడ్డునే ప్రాణం పోతుంది.

దాని తిండి కవళ్లు, నెత్తళ్లు. సముద్రం తీరు మారి ఆ చేపల మందలు పెంగ్విన్లుండే పడమటి దీవులకు దూరమై తూర్పుకు జరిగాయి. మిగిలిన వాటిపైనా వలలు ఆగలేదు. 2024లో ఈ పక్షిని అంతరించే అంచున ఉన్న జాతుల్లో చేర్చారు. గూళ్లు కట్టే జంటలు 10,000 కూడా లేవు.

తప్పు సముద్రానిదే, వలలది కాదనే వాదన ఉంది. సముద్రం ఇచ్చేది తగ్గినప్పుడే కదా వాటా ముందు తీయాల్సింది! పడవ చేపల వెంట ఎంత దూరమైనా పోతుంది. గూట్లో పిల్లలున్న పక్షి పోలేదు. 2011లో ఫిలిప్ క్యూరీ బృందం ఏడు సముద్ర ప్రాంతాల్లో 14 పక్షిజాతుల లెక్కలు చూసి, పక్షులకు మేతయ్యే చేపలు గరిష్ఠ స్థాయిలో మూడో వంతుకు దిగువకు పడితే పిల్లలు ఎదగడం తగ్గిపోతుందని తేల్చింది. అంటే పక్షి ముద్ద ఎంతో మనకు తెలుసు.

జాలరి పొట్ట కొట్టమంటారా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ అక్కడి నెత్తళ్లలో ఎక్కువ భాగం ఏ మనిషి కంచంలోకీ రాదు. పొడిగా మారి పశుపక్ష్యాదుల మేతలోకి, పెంపకం చేపల మేతలోకి పోతుంది. దీన్ని ఆకలి అనలేను.

2025 మార్చిలో ప్రిటోరియా కోర్టు ఉత్తర్వుతో ఆరు పెంగ్విన్ స్థావరాల చుట్టూ ఈ చేపల వేటకు పదేళ్లు హద్దులు పెట్టారు. ఆలస్యమైనా, వరస సరైంది.

మా భీమవరం చెరువుల్లో వేసే రొయ్యల మేతలోనూ చేపపొడి ఉంటుంది. రైతు సోదరులారా, ఈసారి మేత బస్తా కొనేటప్పుడు ఆ పొడి ఏ తీరం చేపదో డీలరును అడగండి.